భుజం అంటే ఎవరూ నమ్మలేదు

మా బావ కత్తికి భయపడే మనిషి కాదు. కత్తి పెట్టేముందు తీసే కాసింత రక్తానికి భయపడేవాడు. ఈ తేడా బయటివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. ఉద్దానంలో అయితే చెప్పనక్కర్లేదు.

బావ అంటే మా అక్క భర్త. కంచిలి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళలో ఒకటి వాళ్ళది. కొబ్బరి, జీడి, మధ్యలో పనస. ఆ తోటల్లోకి వచ్చిన కొత్తవాళ్ళు ఆ నీడ చూసి, ఆ గాలి పీల్చి, ఇక్కడ ఉన్నవాళ్ళకి రోగాలెందుకొస్తాయండీ అనేవాళ్ళు. మేమూ అదే అడుగుతున్నామండీ అనేవాణ్ణి నేను. వాళ్ళు నవ్వేవాళ్ళు.

నవ్వాల్సిన మాట కాదది. తొంభైల చివరికి వచ్చేసరికి ఆ ఊళ్ళలో మూత్రపిండాలు పాడైపోయి మనుషులు పోవడం మామూలైపోయింది. షుగరు లేని వాళ్ళు, తాగుడు లేని వాళ్ళు, నిన్నటిదాకా కొబ్బరిబొండాల బస్తా మోసినవాళ్ళు. ఎందుకో ఎవరికీ తెలియదు. తెలియదు గనక ప్రతివాడి దగ్గరా ఒక సిద్ధాంతం ఉండేది. బావి నీళ్ళని ఒకరు, జీడిపూతకి కొట్టే మందని ఒకరు, ఎండలో పనని ఒకరు, నొప్పి బిళ్ళలని ఒకరు. మా బావకి వరసకి పెదనాన్న అయ్యే ఒకాయన మాత్రం ఊరికి కరెంటు వచ్చాకే ఇదంతా మొదలైందని చివరిదాకా లాంతరుతోనే గడిపాడు. ఆయన పోయింది గుండెపోటుతో. ఆ విధంగా ఆయన సిద్ధాంతం నిలబడిపోయింది.

నేను టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. ఏడాదికోసారి మూత్రపిండం బొమ్మ వేసే రోజు వచ్చేది. కప్ప గురించి చెప్పినా, బొద్దింక గురించి చెప్పినా గోల చేసే క్లాసు ఆ రోజు మాత్రం గుడిలా ఉండేది. నా బోధన బాగుందని చాలాకాలం సంతోషించాను. ఆ బెంచీల్లో ఉద్దానం పిల్లలు ఎక్కువని, బోర్డు మీద నేను రంగు సుద్దలతో గీస్తున్నది వాళ్ళకి పరీక్షలో వచ్చే బొమ్మలా కాక ఇంట్లో మంచం మీదున్న మామయ్యలా కనబడుతోందని తర్వాతెప్పుడో తట్టింది.

సిద్ధాంతాలు ఎన్ని ఉన్నా ఆచరణలో ఊరంతా ఒకే మాట మీద ఉండేది. రక్తపరీక్ష చేయించుకోకూడదు. చేయించుకోనంతకాలం మనిషి ఆరోగ్యంగా ఉన్నట్టే లెక్క. చేయించుకున్నాక తేడా అని తెలిస్తే, ఆ సాయంత్రం నుంచే ఊరు ఆ మనిషితో మెల్లగా మాట్లాడటం మొదలుపెడుతుంది. గొంతు తగ్గించి, వాక్యం చివర ఒక నిట్టూర్పు చేర్చి, అప్పుడే పోయినవాణ్ణి తలుచుకున్నట్టు. ఆ మాట తీరు భరించడం కన్నా జబ్బు నయమని మా బావ అభిప్రాయం.

ఇంతకీ భుజం సంగతి.

కుర్రతనంలో బావ సైకిలు మీద కొబ్బరికాయల గోతాలు వేసుకొని కల్వర్టు దిగుతూ పడ్డాడు. కుడిభుజం ఊడింది. పక్క ఊళ్ళో కట్లు కట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయన బావని నేలమీద పడుకోబెట్టి, చంకలో తన మడమ పెట్టి, చెయ్యి పట్టుకొని లాగి భుజాన్ని లోపలికి పంపాడు. కోడిగుడ్డు తెల్లసొనతో కట్టు కట్టాడు. పని శుభ్రంగానే జరిగింది. కానీ ఒకసారి బయటికి వెళ్ళే దారి తెలిసిన భుజం ఊరుకోలేదు. తుమ్మితే వచ్చేది, బనీను విప్పితే వచ్చేది. బావ కూడా దానికి అలవాటుపడి, గుమ్మం పట్టుకొని ఒక్క విదుపు విదిపి తనే సర్దుకునేవాడు. మా పెళ్ళిళ్ళలో పిల్లలు చుట్టూ చేరి, మావా, ఒకసారి ఊడదీసి చూపించవా అని అడిగేవారు. ఆయన చూపించేవాడు కూడా.

తర్వాత ఒక ఏడు అది ఊడటం మానేసింది. నయమైపోయిందని బావ సంబరపడ్డాడు. నిజానికి లోపల గుజ్జంతా అరిగిపోయి, ఎముకకి ఎముక ఒరుసుకొని, కదలడానికి చోటే లేక ఊడలేదు. అది మాకు తెలిసేసరికి ఆయన చెయ్యి గుండెల కన్నా పైకి లేవడం మానేసింది. కదిపితే కరకరమని చప్పుడు. పలాసలో జీడిగింజలు కొట్టే షెడ్డులో వినిపించే చప్పుడు లాంటిది. పక్కన కూర్చున్న వాళ్ళకి కూడా వినబడేది.

అక్క ఆయనకి చొక్కా తొడిగేది. మొదట కుడిచెయ్యి, తర్వాత వీపు, తర్వాత ఎడమచెయ్యి. రాజులకి కూడా ఇలాగే తొడుగుతారని బావ అనేవాడు. రాజులు ఇన్ని మూలుగులు మూలగరని అక్క అనేది. తల ఎడమచేత్తో దువ్వుకునేవాడు గనక పాపిడి ఏ రోజు ఎటు వెళ్తుందో చెప్పలేం. అన్నం ముద్ద నోటిదాకా రాకపోతే నోరే కంచం దగ్గరకి వెళ్ళేది. పెద్దలెవరైనా ఎదురైతే ఎడమచేత్తో కుడిమోచేతిని పైకెత్తి నమస్కారం పూర్తి చేసేవాడు. చూసేవాళ్ళకి అది భక్తిలా కనిపించేది.

ఇదంతా నడిచింది బిళ్ళల మీద. పలాస వెళ్ళినప్పుడల్లా మందుల షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకొని చూరులో ఒక బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవాడు. చీటీ అడిగేవాళ్ళు లేరు. నొప్పి ఎక్కడని అడిగితే అదే గొప్ప. మా అక్కకి నడుంనొప్పి. ఏళ్ళ తరబడి పలాస నుంచి వచ్చే జీడిపప్పుకి ఇంట్లో కూర్చొని పొట్టు తీసిన నడుం అది. ఆ డబ్బాలోంచి ఆవిడ కూడా అప్పుడప్పుడు వేసుకునేది. దాన్ని మేమెవరం లెక్కలోకి తీసుకోలేదు. భుజం బావది, బిళ్ళలు బావవి, జాలి కూడా బావ మీదే.

చివరికి నేనే పట్టుబట్టి విశాఖపట్నం తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరు ఫొటో తీయించి గోడమీది లైటుకి పెట్టి చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన ఎముక తల చెక్కేసిన తాటిముంజలా ఉంది. భుజం మార్చాలి అన్నాడు. మోకాళ్ళు చాలా చేస్తానని, భుజాలు అరుదుగా వస్తాయని, ఇది మంచి కేసని చెబుతుంటే ఆయన కళ్ళలో వెలుగు కనబడింది. బావ నా వైపు వంగి, ఇతగాడు మన మీద నేర్సుకుంటన్నాడేటి అని మెల్లగా అడిగాడు.

తర్వాత డాక్టరు ఊరు అడిగాడు. బావ ఊరి పేరు చెప్పాడు. డాక్టరు పెన్ను ఆగింది. నొప్పి బిళ్ళలు ఈ రోజే మానెయ్యాలన్నాడు. ఆపరేషన్‌కి ముందు మూత్రపిండాల పరీక్ష తప్పనిసరి, కింద లేబులో ఇప్పుడే రక్తం ఇచ్చి వెళ్ళండి అన్నాడు.

అలాగేనండి అని బావ లేచాడు. మెట్లు దిగాడు. లేబు దాటాడు. గేటు దాటాడు. నేను ఆయన్ని ఆటో స్టాండులో పట్టుకున్నాను.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఆయనకి తీరిక దొరకలేదు. కొబ్బరి దింపులని, జీడిగింజలు ఏరే రోజులని, గాలివాన వచ్చేలా ఉందని, వచ్చిందని, పడిపోయిన చెట్లు తీయించాలని. మూఢం ఒకటి. మూఢానికీ రక్తపరీక్షకీ సంబంధం ఏమిటని అడిగితే, నువ్వు సైన్సు వాడివి నీకు చెప్పినా తెలియదన్నాడు. బిళ్ళలు మాత్రం ఆ రోజు నుంచే మానేశాడు. ఆ ఒక్క విషయంలో డాక్టరు మాట వేదం. దాంతో పగలు చెయ్యి ఒళ్ళో పెట్టుకొని, రాత్రి దిండు మీద పెట్టుకొని, చంటిపిల్లని మోస్తున్నట్టు దాన్ని మోసుకు తిరిగేవాడు. చొక్కా తొడిగేటప్పుడు ఇంతకుముందు మూలిగేవాడు. ఇప్పుడు మాట్లాడకుండా గోడవైపు చూసేవాడు. మా బావ మాట్లాడకపోవడం నేను అప్పటిదాకా చూడలేదు.

మందు లేకపోతే భుజం నిలవనివ్వదు. పరీక్ష లేకుండా డాక్టరు ముట్టుకోడు. పరీక్షంటే బావ రాడు. ఇదీ పరిస్థితి. ఒకరోజు అక్కని అడిగాను, ఇంత నొప్పి పడుతూ కూడా ఎందుకీ మొండితనం అని.

"ఆయనకి కోతంటే బయం కాదురా. అన్నేళ్ళు ఆ బిళ్ళలు మింగినాడు కదా. రగతం ఇత్తే ఉందంటారని బయం," అంది అక్క. "ఇయ్యకపోతే లేనట్టే కదా."

"నీకు బయం లేదేటి?"

ఆవిడ చేటలో జీడిపప్పు పొట్టు ఊదుతూ, నాకు తీరిక లేదు అంది.

దారి కూడా ఆవిడే కనిపెట్టింది. ఆ ఏడు జీడి పని అయిపోయాక ఒక ఉదయం బావకి చొక్కా తొడుగుతూ, విశాఖపట్నం వెళ్దాం, నువ్వొక్కడివే ఇవ్వక్కర్లేదు అని చెప్పిందట.

"నానూ ఇత్తాను రగతం. తోడుగా."

బావ ఈ బేరం గురించి నాతో చెప్పినప్పుడు చాలా చిన్నతనంగా చెప్పాడు. ఆడదానికి సూది గుచ్చుతుంటే మగవాడు బయట నిలబడితే ఏం బాగుంటుంది అన్నాడు. అంటే ఒప్పుకున్నాడన్నమాట. మా వైపు తీర్థాలకి తోడు వెళ్తారు, సినిమాకి తోడు వెళ్తారు, రాత్రి పెరట్లోకి కూడా తోడు వెళ్తారు. ఎక్కడికైనా ఇంకొకరు ఉంటే చాలు, అది భయం కిందకి రాదు.

ముగ్గురం పలాసలో రైలెక్కాం. దారంతా బావ ఉషారుగానే ఉన్నాడు. లేబులో కుర్చీలో కూర్చొని ఎడమచెయ్యి చాపి, గోడమీదున్న క్యాలెండర్లో పిల్లి బొమ్మని తదేకంగా చూశాడు. ఆయన తర్వాత అక్క కూర్చుంది. ఆవిడ సూది వైపే చూసింది, సరిగా గుచ్చుతున్నారో లేదో కనిపెట్టడానికన్నట్టు.

మర్నాడు ఫలితాలు చెప్పింది ఎముకల డాక్టరు కాదు. అక్కడే ఉండే వేరే పెద్ద డాక్టరు. ఆయన బావని చూసి, మీకేం పరవాలేదు, ఆపరేషన్ చేయించుకోవచ్చు అన్నాడు. బావ ముఖంలో చాలా ఏళ్ళ బరువు ఒక్కసారిగా దిగడం నేను చూశాను. నాకేసి తిరిగి ఏదో ఎగతాళి మాట అనబోయాడు కూడా. అప్పుడు డాక్టరు, ఈవిడ ఎవరు అని అడిగాడు.

నా భార్య, ఊరికినే తోడుగా ఇచ్చింది అన్నాడు బావ.

డాక్టరు రెండో కాగితం ఇంకొంచెంసేపు చూశాడు. మొదలే అన్నాడు. ఇప్పుడే తెలియడం అదృష్టమన్నాడు. బి.పి. చూసి, బిళ్ళలు రాసి, ఉప్పు తగ్గించాలని, నొప్పి మందులు ఎన్నడూ ముట్టకూడదని, కొన్ని నెలలకోసారి వచ్చి రక్తం చూపించుకోవాలని చెప్పాడు. నొప్పి మందులు వాడేవారా అని అడిగాడు. అక్క మొదటిసారి తల దించుకుంది. ఆయన మానేశాక డబ్బాలో చాలా మిగిలిపోయాయని, పారేస్తే వృథా కదాని నడుం నొప్పికి తనే పూర్తిచేశానని చెప్పింది. దానివల్లే వచ్చిందా అని నేను అడిగాను. అదొక్కటే అని చెప్పలేమన్నాడు డాక్టరు. మీ ఊళ్ళకి సంబంధించి ఏదీ చెప్పలేమన్నాడు. చదువుకున్నవాళ్ళం గనక మా ఇద్దరి దగ్గరా సిద్ధాంతం కూడా లేదు.

వరండాలోకి వచ్చాక బావ ఇంటికి వెళ్ళిపోదామన్నాడు. ఆపరేషన్ లేదు, ఏమీ లేదు, నీ సంగతి ముందు చూసుకుందాం అన్నాడు. నా సంగతి చూడటానికి ఏముంది, ఉప్పు మానడమేగా అంది అక్క. ఆయన మొండికేశాడు. నిన్నటిదాకా రక్తం ఇవ్వనన్నవాడు ఇవాళ ఆపరేషన్ వద్దంటున్నాడు, రెండింటికీ మొండితనం ఒక్కటే. చివరికి అక్క ఆసుపత్రి బల్ల మీద కూర్చొని, ఆయన చొక్కా కుడిచేతి మడత సర్దుతూ అంది:

"రేప్పొద్దున నాకు బాగోలేకపోతే ఈ సొక్కా ఎవులు తొడుగుతారు? సేయించుకో."

అంతే. ఆ మాట మీద మా బావ భుజం మారింది.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ. అరిగిపోయిన ఎముక తల తీసేసి లోహపు గుండు ఒకటి దాని కాడతో సహా చేతి ఎముకలోకి దించారు, అవతల గిన్నె అమర్చారు. డాక్టరు ఆ నమూనాని ముందురోజు మాకు చూపించాడు. చేత్తో పట్టుకొని చూస్తే సైకిలు సామాను అమ్మే షాపులో దొరికేదానిలాగే ఉంది. నొప్పి పోతుందని మాట ఇవ్వగలను, చెయ్యి ఎంత ఎత్తు లేస్తుందో మాత్రం అడగొద్దు, చెవిదాకా వస్తే సంతోషించండి అన్నాడు. స్పృహ వచ్చాక బావ అడిగిన మొదటి ప్రశ్న అక్క ఏమైనా తిందా అని. రెండోది, తీసేసిన ఎముక ఏం చేశారని. వర్షంలో తడిస్తే తుప్పు పడుతుందేమో జాగ్రత్త అన్నాను నేను. నీ బుర్రకి పట్టినట్టు పట్టదులే అన్నాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు నౌపడ దగ్గర రైలు ఆగింది. కిటికీలోంచి మడుల పక్కన ఉప్పు కుప్పలు తెల్లగా, దూరందాకా. చెయ్యి గుడ్డలో వేలాడేసుకున్న బావ వాటినే చూస్తూ ఉన్నాడు.

"ఇంతుప్పు ఎవులు తింటార్రా," అన్నాడు.

అక్క నవ్వింది. నవ్వి, ఇంటికి చేరగానే ఊళ్ళో ఏం చెప్పాలో అడిగింది. చెప్పకూడదనే ముగ్గురం అనుకున్నాం. ఆ మెల్లటి మాటల్లోకి ఆవిడని పంపడం ఎవరికీ ఇష్టం లేదు. భుజం ఆపరేషన్‌కి వెళ్ళాం, భుజం ఆపరేషన్ చేయించుకున్నాం. నిజమే కదా. అబద్ధం చెప్పే అవసరమే లేదనుకున్నాం.

ఆ నిజాన్ని ఊళ్ళో ఒక్కడు కూడా నమ్మలేదు.

మోకాళ్ళు మారుస్తారని విన్నాం, భుజాలు మారుస్తారా ఎక్కడైనా అన్నారు. ఇన్నాళ్ళు విశాఖపట్నంలో ఉండటానికి భుజమేమిటి అన్నారు. పైగా ఎన్నో ఏళ్ళు బిళ్ళలు మింగిన మనిషి. ఉద్దానం నుంచి ఒక మనిషి పెద్దాసుపత్రికి వెళ్ళి చాలారోజులకి నీరసంగా తిరిగొస్తే దానికి ఒకటే అర్థం. భుజానికి కట్టు ఉంటే అది ఆ జబ్బుకి చేసే వైద్యంలో ఏదో భాగమై ఉంటుందని తేల్చారు. రక్తం కడగడానికి చెయ్యి దగ్గర గొట్టం పెడతారట కదా అని ఒకాయన పక్కవాళ్ళకి వివరించాడు కూడా.

పరామర్శకి వచ్చినవాళ్ళు వరసగా అరుగు మీద కూర్చునేవాళ్ళు. భుజం ఎలా ఉంది అని అడిగేవాళ్ళు. అడిగి, కళ్ళు కిందకి దించి బావ పాదాల వైపు చూసేవాళ్ళు. మా ఊళ్ళలో ఆ జబ్బుకి సాక్ష్యం పాదాల్లో వాపే. మాటలు భుజంతో, చూపులు చీలమండలతో. చనువున్న ముసలమ్మ ఒకావిడ అయితే, దోమ వాలిందని చెప్పి బావ కాలిమీద బొటనవేలితో గట్టిగా నొక్కి, గుంట పడుతుందేమోనని కాసేపు అలాగే చూసింది. పడలేదు. ఆవిడ నిరాశపడిందని నేననను. అనుమానం తీరక లేచిందని మాత్రం అంటాను.

మొదట్లో బావకి కోపం వచ్చింది. చొక్కా విప్పి కుట్లు చూపించాడు. అందరూ జాలిగా చూశారు. పాపం ఎన్నిచోట్ల కోశారో అన్నారు. నేను కూడా ఒక పూట జంతుశాస్త్రం తెలిసినవాణ్ణి గనక భుజం కీలు గురించి అరుగు మీద బొగ్గుతో బొమ్మ వేసి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. చదువుకున్నవాడు బాగా కప్పిపుచ్చుతున్నాడు అని వెళ్తూ అనుకున్నారట.

ఆ పూట అందరూ వెళ్ళాక బావ అక్కని పిలిచాడు. ఆవిడ వచ్చినవాళ్ళ టీ గ్లాసులు తీస్తోంది. ఇంతమంది కూర్చున్నారు, ఇంతసేపు పాదాలు వెతికారు, టీ పట్టుకొని వాళ్ళ ముందు అటూ ఇటూ తిరిగిన పాదాల వైపు ఒక్కరూ చూడలేదు. అది మా ముగ్గురికీ ఒకేసారి తట్టిందనుకుంటాను.

"నాయే సూడనియ్యి," అన్నాడు బావ. "నా కాళ్ళు సూసినంతసేపూ నీ కాళ్ళు ఎవులూ సూడరు."

ఆ రోజు నుంచి ఆయన కుట్లు చూపించడం మానేశాడు. ఎవరైనా వస్తే తనే రెండు కాళ్ళూ బల్ల మీద చాపుకొని కూర్చునేవాడు. వాళ్ళు మెల్లగా మాట్లాడితే ఆయనా మెల్లగా మాట్లాడేవాడు. జన్మలో దేనికి భయపడ్డాడో దాన్నే తెచ్చి నెత్తిన పెట్టుకున్నాడు, అదీ ఆ జబ్బు లేకుండా. ఊరి దగ్గర్నుంచి అంత జాలి ఉచితంగా అందుకున్నవాణ్ణి నేను ఇంకెవర్నీ చూడలేదు.

కొన్ని నెలలకోసారి ముగ్గురం విశాఖపట్నం వెళ్ళేవాళ్ళం. భుజం చూపించుకోవాలని చెప్పేవాళ్ళం. భుజానికి చూపించుకునేది పెద్దగా లేదు. అక్క రక్తం ఇచ్చి వచ్చేది. అంటే భుజం పేరు చెప్పి ఇంకో జబ్బుకి తిరుగుతున్నామని ఊరు అనుకున్నది అక్షరాలా నిజమైంది. మనిషి విషయంలోనే పొరబడ్డారు.

ఈలోగా చేతికి వ్యాయామం. పైనుంచి గిలక కట్టి, తాడు రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకొని, బాగున్న చేత్తో లాగుతూ బాగులేని చేతిని పైకి లేపాలని ఆసుపత్రిలో నేర్పారు. గిలక కొనబోతే బావ వద్దన్నాడు. పెరట్లో బావి ఉంది. అక్క సంగతి తెలిసినప్పటి నుంచి ఆ నీళ్ళు తాగడం ఆపేశాం, బావ రోజూ ఎడమచేత్తో సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి దూరం నుంచి డబ్బాతో తెస్తున్నాడు. పనిలేని గిలక బావి మీద ఊరికే ఉంది. దాన్ని విప్పి తెచ్చి వసారా దూలానికి కట్టాం. పొద్దున్నే కీచు కీచుమని చప్పుడొచ్చేది. చేదతో నీళ్ళు తోడుతున్నట్టే ఉండేది. పైకి వచ్చేది మా బావ చెయ్యి. మొదట్లో గెడ్డందాకా, తర్వాత ముక్కుదాకా, తర్వాత చెవిదాకా. అక్కడ ఆగింది. డాక్టరు మాట తప్పలేదు.

ఒకరోజు నేను వెళ్ళేసరికి చొక్కా తనే తొడుక్కొని ఉన్నాడు. గుండీలన్నీ ఒక్కో కాజా తప్పి కిందకి దిగి ఉన్నాయి. సరిచెయ్యబోతే అక్క వద్దని చేత్తో సైగ చేసింది.

ఆ ఏడు చివర్లో ఊళ్ళో వైద్య శిబిరం పెట్టారు. బాప్టిస్టు చర్చి హాలు పెద్దది, ఫ్యాన్లున్నాయి గనక పాస్టరుగారు అది ఇచ్చారు. పట్నం నుంచి డాక్టరమ్మ వచ్చింది, లేబు మనుషులు వచ్చారు. ఊరంతా వచ్చింది. వచ్చి ఫ్యాన్ల కింద కూర్చుంది. రక్తం తీసే బల్ల దగ్గరకి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. అందరికీ ఎవరో ఒకరు ముందు వెళ్ళాలని ఉంది. డాక్టరమ్మ మైకులో ఎంత చెప్పినా మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు. నేనూ సెలవు పెట్టి వెళ్ళి బావ పక్కన కూర్చున్నాను. అక్క ఆడవాళ్ళ వైపు, మా వరసలోనే దారికి అవతల.

కాసేపయ్యాక డాక్టరమ్మ పద్ధతి మార్చింది. ఈ జబ్బు ఉందని ఇప్పటికే తెలిసినవాళ్ళుంటే చెయ్యెత్తండి, వాళ్ళని విడిగా చూస్తాను, మందులు కూడా ఇస్తాను అంది.

హాల్లో తలలన్నీ మెల్లగా మా వైపు తిరిగాయి. తిరిగి, అలవాటు ప్రకారం మా బావ పాదాల వైపు చూశాయి. బావ కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. ఆయన కదల్లేదు. అది తెలిసినదే గదా, ఒప్పుకోడానికి సిగ్గుపడుతున్నాడు పాపం అన్న చూపులు నాకు తగులుతూనే ఉన్నాయి.

అప్పుడు దారికి అవతల మా అక్క చెయ్యెత్తింది.

నిటారుగా ఎత్తింది. గాజులు మోచేతి దాకా జారాయి. ఎవరి వైపూ చూడలేదు, డాక్టరమ్మ వైపే చూసింది. నెలల తరబడి భుజం పేరు చెప్పుకొని పట్నం తిరగడం, ఇంట్లో బిళ్ళ వేసుకోవాలన్నా తలుపు వేసుకోవడం ఆవిడకి విసుగొచ్చిందని తర్వాత చెప్పింది. ఆ నిమిషంలో మాత్రం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆవిడ పక్కన కూర్చున్నావిడ, మీ ఆయన బదులు నువ్వెత్తావేటమ్మా అని మెల్లగా అడగడం కూడా వినిపించింది.

నా పక్కన బట్టలు కదిలిన చప్పుడైంది. చూద్దును గదా, మా బావ కుడిచెయ్యి లేస్తోంది. ఒళ్ళోంచి గుండెలదాకా, గెడ్డందాకా, ముక్కుదాకా. వసారాలో గిలక మీద ఎక్కినట్టే, ఒక్కో మెట్టూ ఎక్కుతూ చెవి దగ్గరకి వచ్చి ఆగింది. అంతకు మించి లేవదు. చూసేవాళ్ళకి సగం మనసుతో ఎత్తినట్టుంది.

డాక్టరమ్మ బావ వైపు చూసి, మీకూ ఉందా పెద్దాయనా అని అడిగింది.

"నాకు లేదమ్మా," అన్నాడు బావ. "ఊరికినే తోడు."

చెయ్యి దించలేదు. ఎడమచేత్తో కుడిమోచేతిని పట్టి అక్కడే నిలిపాడు. ఊరు మొదటిసారి మా బావ భుజం వైపు చూసింది.